ఉమర్గ తొవ్వలో తిన్న కూర

డీసీఎం వ్యాను ముందు భాగంలో ఉన్నవాళ్లం: స్టీరింగు దగ్గర డ్రైవర్ మొగిలన్న, డోరు పక్కన బాపు, ఇద్దరి మధ్యన అమ్మ, అమ్మ ఒళ్లో నేను, సీటు వెనకున్న చెక్క బల్ల మీద కాళ్లు ముడుచుకొని అక్క. కాళ్ల దగ్గర ఉన్నవి: నీళ్ల క్యాను, పెళ్లి బట్టల సంచి, తెల్లగుడ్డలో కట్టిన సద్ది మూట. వెనక డబ్బాలో తాడిపత్రి పట్టా కింద లంగా గుడ్డ తానులు. సోలాపూర్‌లో మా పెద్దమ్మ కొడుకు పెళ్లి. అదే ఊరికి బాపు సరుకు కూడా పోతోంది కాబట్టి, బస్సులు మారే బాధ ఎందుకని అందరం సరుకుతో పాటే ఎక్కాం. నేను మూడో తరగతి, అక్క ఆరో తరగతి. సిరిసిల్ల దాటి అంత దూరం పోవడం ఇద్దరికీ అదే మొదటిసారి.

అప్పట్లో మా ఇంట్లో సగం ఇల్లు, సగం సాంచాలు. ముందు గదిలో పవర్‌లూమ్‌లు ఆడుతుంటే వెనక గదిలో మేం గట్టిగా మాట్లాడుకుంటూ పెరిగాం. కరెంటు పోయినప్పుడు కూడా అలవాటు కొద్దీ అరుచుకునేవాళ్లం, పక్కింటివాళ్లు కొట్లాట అనుకునేవారు. బాపు సొంతంగా సాంచాలు పెట్టుకోకముందు సైజింగులో పనిచేశాడు. నూలుకు పట్టించే గంజి ఉడికిందా లేదా చూడటం ఆయన పని. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక చుక్క పెట్టుకొని, వేళ్లు మెల్లగా విడదీసి, తీగ ఎంత సాగుతుందో చూసేవాడు. ఆ పని మానేసినా ఆ వేళ్లు మాత్రం మానలేదు. చాయ్, పప్పు, గోడకు వేసే సున్నం, నాకు దగ్గు మందు, దేన్నయినా ముందు వేళ్ల మధ్య పెట్టి చూసి, ఆ తర్వాతే మాట్లాడేవాడు. అమ్మ పద్ధతి వేరు. వండింది ఏదీ పారేయదు. రాత్రి మిగిలిన కూర పొద్దున వెచ్చజేసుకొని, ముందురోజు రొట్టె అందులో చిదుపుకొని, పొయ్యి పక్కన కూచొని తింటుంది. ఆ తినడం మా ఎవరి కంటా పెద్దగా పడేది కాదు. మేం లేచేసరికి ఆమె పళ్లెం కడిగేసి ఉండేది.

మహారాష్ట్రలో ఉమర్గ ఇంకా కొద్ది దూరం ఉందనగా ఎండ నడినెత్తికి వచ్చింది. రోడ్డు పక్కన ఒక తాటాకుల పందిరి, దాని కింద నులక మంచాలు, ఒక మూలన నల్లగా మసిబారిన పెద్ద కుండ. బాపు వ్యాను ఆపమన్నాడు.

"సద్ది ఉన్నది కదా, ఏదన్న చెట్టు కింద ఆపుకుంటె అయిపోతది," అంది అమ్మ.

"లోడు మనది. లోడు ఎవరిదైతె డ్రైవరుకు అన్నం వాళ్లే పెట్టాలె," అన్నాడు బాపు. "పెళ్లికి పోతున్నం. మొగిలికి ఎండిన రొట్టె చేతిల పెడ్తె రేపు సిరిసిల్లల ఎంతమందికి చెప్తడో ఎరుకేనా?"

"నాకేం లేదు మామా, అత్త చేసిన రొట్టె అయితె ఇంక మంచిదే," అన్నాడు మొగిలన్న.

"నువ్వు ఊకోరా. తింటివంటె మటనే తినాలె."

ఆ మాటతో సద్ది మూట విప్పే దారి మూసుకుపోయింది. మేం లోపల కూచున్నాం. హోటల్ మనిషి ఒక గిన్నె నిండా కూర తెచ్చి పెట్టి, రొట్టెలకు ఇంకా టైం పడుతుందని చేత్తో సైగ చేశాడు. అంతలో వ్యాను వెనకాల తాడిపత్రి తాడు ఊడి వేలాడుతోందని మొగిలన్న చూశాడు. బాపు, అతనూ దాన్ని బిగించడానికి పోయారు. అక్క, నేను చేతులు కడుక్కుంటామని బోరింగు దగ్గరికి పోయి, కడుక్కోవడం తక్కువ, ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకోవడం ఎక్కువ చేశాం. అమ్మ ఒక్కతే గిన్నె దగ్గర ఉండిపోయింది.

మేం వచ్చేసరికి కూర పళ్లాల్లో ఉంది. నల్లగా, చిక్కగా, వేలు పెడితే వేలును పట్టుకునేలా. కాల్చిన ఎండుకొబ్బరి కుడుక వాసన, ఎల్లిగడ్డ వాసన, వాటి వెనకాల ఇంకేదో కమ్మగా మాడిన వాసన. పెద్ద పెద్ద రొట్టెలు కూడా వచ్చాయి. బాపు తన అలవాటు ప్రకారం వేళ్ల మధ్య చుక్క పెట్టి విడదీశాడు. తీగ సాగింది. కళ్లు మూసుకొని తల ఊపాడు. "చూడు మొగిలీ, దీన్నంటరు కూర. మన కాడ గిన్నె నిండ నీళ్లు పోసి మీద నూనె తేలగొడ్తరు." అక్క ఎప్పుడూ అన్నం దగ్గర ఏడిపించే పిల్ల. ఆ రోజు పళ్లెం నాకి, నా పళ్లెం వైపు చూసింది. నేను పళ్లేన్ని అమ్మ వెనక్కి జరుపుకున్నాను. పెళ్లిలో ఏం తిన్నామో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. ఆ కూర మాత్రం మా ఇంట్లో ఒక కొలతగా నిలిచిపోయింది. ఏ చుట్టాలింటికి పోయినా, ఏ పండక్కి యాట కూర వండినా, బాపు రెండు ముద్దలు తిని అనేవాడు: "మంచిగనే ఉన్నది. కని ఉమర్గ కాడ తిన్నం సూడు..." అమ్మ "అవ్ మల్ల" అని ఊరుకునేది.

ఇదంతా నేను ఇప్పుడు గుర్తు చేసుకోవడానికి కారణం అక్క. అక్కను కోరుట్లలో ఇచ్చాం. బావకు అక్కడ గిర్ని ఉంది. పిండి, కారం, పసుపు పడతాడు. గిర్ని వెనకాలే ఇల్లు. అక్కకు నెల తప్పిన దగ్గర్నుంచి పసుపు వాసన పడటం లేదు. కోరుట్లలో పసుపు సీజన్‌లో పసుపు వాసన లేని చోటు వెతకడం అంటే ఎండాకాలంలో చలి వెతకడం. ఏం తిన్నా కక్కడమే. నాలుగో నెల వచ్చినా ఆగలేదు. జగిత్యాలలో చూపించే డాక్టరమ్మ బరువు చూసి, నలభై మూడున్నర అని రాసి, పెన్ను మూతపెట్టి చెప్పింది: "పెరగాల్సింది పోయి తగ్గుతున్నవ్. వచ్చేసారి కూడ ఇట్లనే ఉంటె ఇక్కడనే పడుకోబెట్టి సెలైన్లు పెట్టుడే. కడుపుల బిడ్డకు ఏం పోతదమ్మా, నువ్వు తినకపోతే?" అక్కకు సూది అంటే చిన్నప్పటి నుంచీ వణుకు. ఆమె చేతుల్లో నరం దొరకదు, దొరికేదాకా పొడుస్తారు. కానీ ఆ రోజు ఆమె మొహంలో ఉన్న భయం సూది గురించి కాదని నాకు తెలిసింది. బస్టాండ్ దాకా కడుపు మీద చెయ్యి తీయకుండా నడిచింది. అటు నుంచి అటే సిరిసిల్ల తీసుకొచ్చాం.

మా ఇంట్లో రెండు రోజులు మజ్జిగ, బిస్కెట్లతో గడిచాయి. అమ్మ ఏది వండాలన్నా అక్క ముఖం అటు తిప్పుకుంటుంది. మూడో రోజు అమ్మ మంచం పక్కన కూచొని అడిగింది: "ఏం తినబుద్ధయితంది బిడ్డా? ఏదన్న ఒక్కటి చెప్పు. చేసుడు నా వంతు."

అక్క కప్పు వైపు చూస్తూ అంది: "ఉమర్గ కాడ తిన్నం కదనే... గా కూర."

బాపు లేచి నిలబడ్డాడు. ఎన్నో ఏళ్లుగా ఎవరూ వినని మాటను చివరికి ఒక మనిషి ఒప్పుకున్నంత సంతోషం ఆయన మొహంలో. "నేను చెప్తనే ఉన్న కదా!"

నేను టెక్స్‌టైల్ డిప్లొమా చదివాను. ఇక్కడే ఒక గార్మెంట్ యూనిట్‌లో క్వాలిటీ చూస్తాను. ఒక వస్తువు ముందు పెట్టి, అలాంటిదే ఇంకొకటి రావాలంటే ఏమేం సరిపోవాలో రాసుకోవడం నా ఉద్యోగం. అందుకని ముగ్గురినీ విడివిడిగా అడిగాను. బాపు చెప్పినవి: చిక్కదనం, నలుపు, బొక్కలో మూలగ. అక్క చెప్పినవి: కుడుక కాలిన వాసన, కారం నాలుకకు కాకుండా గొంతుకు తగలడం, "ఇంకేదో". అమ్మ చెప్పినవి: "మస్తు కారం ఉండె. పోరగాండ్లు ఎట్ల తింటరో అనుకున్న." నాకు గుర్తున్నది: నా పళ్లెం వైపు అక్క చూపు.

మొదటిసారి కుక్కర్‌లో వండాం. అమ్మ అలవాటుగా పసుపు వేసింది. మూత తీయగానే అక్క వాకిట్లోకి పరుగెత్తింది. రెండోసారి పసుపు లేకుండా. పసుపు లేకుండా యాట కూర వండటం అమ్మకు బొట్టు లేకుండా పెళ్లికి పోవడం లాంటిది. కాసేపు డబ్బా చేతిలో పట్టుకొని నిలబడి, "ఎన్నడు చూడలేదమ్మా గిట్ల," అని తిరిగి అల్మారాలో పెట్టింది. అక్క రెండు ముక్కలు తిన్నది. "కుక్కర్ కూరే. ఉడికింది గని, కాగలేదు," అంది. ఆ మాట సరైనదే. ఆ హోటల్లో కుండ పొద్దున్నించి పొయ్యి మీదే ఉండి ఉంటుంది.

మూడోసారికి పెరట్లో మూడు రాళ్లు పెట్టి తుమ్మ కట్టెలు తెచ్చాను. ఆ రోజు బావ కూడా కోరుట్ల నుంచి వచ్చాడు. వచ్చేముందు రెండుసార్లు తలంటుకొని, కొత్త అంగీ తొడుక్కొని వచ్చాడు. అయినా గేటు దగ్గరే అక్క చెయ్యి చాపి ఆపేసింది.

"గాడనే ఆగు. పసుపు కొమ్ము నడిచొచ్చినట్టున్నది."

"రెండు సబ్బులు అరగదీసిననే!"

"చెవుల వెనుక రుద్దుకున్నవా?"

బావ నా వైపు చూశాడు. "ఏం చేయాలె బామ్మర్దీ? గిర్ని అమ్మేసి పూల దుకాణం పెట్టాల్నా?" గాలి ఎటు వీస్తోందో చూసి, పెరట్లో అటు చివర, జామ చెట్టు కింద అతనికి కుర్చీ వేశాను. తెచ్చిన సంచీ మాత్రం ముందుకు తోశాడు. అందులో రాతిపువ్వు, లవంగాలు, ధనియాలు. గిర్నిలో పట్టిస్తే వాసన అంటుకుంటుందని విడిగానే తెచ్చాడు. ఆ తెలివికి అక్క కొంచెం మెత్తబడింది.

ఆ కూర ఎలా కాగిందో చెప్పాలి. బొక్కలూ ముక్కలూ ఉప్పు, దంచిన అల్లం ఎల్లిగడ్డతో కుండలో వేసి, మూత మీద నీళ్లు పోసి, కట్టెలు లోపలికి కాకుండా బయటికి లాగుతూ, మంట నాలుక కుండ అడుగును తాకీ తాకనట్టు ఉంచాం. మూత మీద నీళ్లు వేడెక్కితే అవే కుండలో పోసి, మళ్లీ చల్లనివి పెట్టాలి. పై నుంచి వేరే నీళ్లు పోయకూడదు. ఉల్లిగడ్డలు పొట్టుతోనే నిప్పుల్లో పెట్టి, పైన నల్లబడి లోపల మెత్తబడేదాకా కాల్చాం. కుడుకను పటకారుతో పట్టుకొని మంట మీద తిప్పితే దాని నూనె టపటపా రాలింది. నువ్వులు, ధనియాలు, ఎండుమిర్చి, రాతిపువ్వు వేయించి, అన్నీ కలిపి రోట్లో నూరి కుండలో వేయడం నా వంతు. ఎండ జామ చెట్టు దాటి ఇటు వచ్చేసరికి మాంసం బొక్కను వదిలేసింది. వీధిలో పోయేవాళ్లు గోడ మీంచి తొంగి చూసి, "ఏం పండుగ?" అని అడిగారు. "అక్కకు సుస్తి," అన్నాను. వాళ్లు నమ్మలేదు.

వాసన సరిపోయింది. నలుపు సరిపోయింది. బాపు వచ్చి వేళ్ల మధ్య చుక్క పెట్టి విడదీశాడు. తీగ రాలేదు.

"పల్చగున్నది," అన్నాడు. "గా కూరల గంజి లాంటిది ఏదో పడ్డది. నేను ఎన్నేండ్లు సైజింగుల చేసిన, నాకు తెల్వదా?" అని అమ్మ వారిస్తున్నా వినకుండా బియ్యప్పిండి, కొంచెం మైదా నీళ్లలో కలిపి, కుండలో పోసి, గరిటె తిప్పుతూ నిలబడ్డాడు. మధ్యమధ్యలో వేళ్లు విడదీసి చూస్తూ, చివరికి, "ఇగో, వచ్చింది!" అన్నాడు. నిజంగానే తీగ వచ్చింది. గరిటె కుండలో నిలబడింది.

అక్క ఒక ముద్ద నోట్లో పెట్టుకొని, ఆగి, నిదానంగా అంది: "బాపూ, దీన్ని నూలుకు పట్టిస్తె ఒక్క పోగు తెగది. నా గొంతులకెల్లి మాత్రం దిగుతలేదు."

బావ జామ చెట్టు కింద నుంచి గట్టిగా నవ్వాడు. బాపు తన వైపు చూడగానే ఆ నవ్వును దగ్గులోకి మార్చుకున్నాడు. అక్క కూడా నవ్వింది. కానీ పళ్లెం పక్కకు పెట్టేసింది. సాయంత్రం దాకా అందరం చేసిన పని అక్కడే మిగిలిపోయింది. బాపు ఆ పూట ఏం తినలేదు. డాక్టరమ్మ చెప్పిన తారీఖు దగ్గరికొస్తోంది. బాపు పిండి కలపకముందు అమ్మ తన కోసం ఒక గిన్నెలో కొంచెం కూర తీసి పెట్టుకున్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

తెల్లారి నేను పళ్లు తోముకుంటుంటే వంటింట్లో అక్క గొంతు వినిపించింది. పోయి చూస్తే, అమ్మ పొయ్యి పక్కన పీట మీద ఉంది. చేతిలో పళ్లెం. వెచ్చజేసిన కూరలో, ముందురోజు గట్టిబడిన జొన్నరొట్టెను అరచేతుల మధ్య నలిపి నుగ్గు చేసి, కలుపుకొని తింటోంది. అక్క ఎదురుగా నిలబడి ఉంది.

"అది ఇటియ్యి."

"ఇది నా ఎంగిలి బిడ్డా, నీకు వేరే పెడ్త."

"ఇటియ్యే అమ్మా!"

పళ్లెం లాక్కుంది. నిలబడే తిన్నది. మొదటి ముద్దకు కళ్లు మూసుకుంది. రెండో ముద్దకు గోడకు ఒరిగి కింద కూచుంది. "గిదే," అంది నోట్లో ముద్దతోనే. "తమ్మీ, గిదే రా! గా మాడిన వాసన... జొన్న రొట్టెది!"

అమ్మ అక్క చేతిలోని పళ్లెం వైపు చూసింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వుకు బాపు లోపలికి వచ్చాడు. అమ్మ చెప్పిందేమిటంటే: ఆ రోజు హోటల్లో మేమంతా బయటికి పోయినప్పుడు ఆమె కూరలో వేలు పెట్టి చూసింది. నీళ్ల లాగ ఉంది, కారం మండుతోంది. పిల్లలు తినరు, ఉన్నది ఐదుగురికి సరిపోదు. తను చంకన పెట్టుకొని దిగిన సద్ది మూట అడుగున, వ్యాను కుదుపులకు నుగ్గయిపోయిన రొట్టెలున్నాయి. పారేస్తే పాపం. గబగబా ఆ నుగ్గంతా గిన్నెలో పోసి కలిపి, బాపు వచ్చేలోపల పళ్లాల్లో వడ్డించేసింది.

"మరి ఇన్నేండ్లు చెప్పవా?" అన్నాడు బాపు.

"గది ఎవలకు యాదికున్నది? మీరంత కూర కూర అంటుంటె కూరే మంచిగుండె అనుకున్న. నుగ్గు సంగతి నాకు మతికే లేదు."

"ఇన్నేండ్లు నేను ఆ హోటలోన్ని పొగుడుకుంట తిరిగిన!"

"పొగిడినవ్ గని, నేను వండినప్పుడు తీగ తీసి చూసుడే తప్ప ఒక్కనాడన్న మెచ్చుకున్నవా?"

బాపు తల గోక్కున్నాడు. అక్క పళ్లెంలోంచి ఒక చుక్క తీసుకొని వేళ్ల మధ్య విడదీశాడు. తీగ సాగింది. "అయితె గంజి లాంటిది పడ్డదన్న మాట నిజమే కదా," అన్నాడు. ఆ మాటొక్కటి మేం ఆయనకు వదిలేశాం.

ఆ తర్వాత మా పెరట్లో పద్ధతి ఖాయమైంది. అమ్మ రొట్టెలు ఒక రోజు ముందు చేసి, పల్చటి గుడ్డ కింద ఆరబెడుతుంది. కూర తుమ్మ కట్టెల మీద, పసుపు లేకుండా. యాట కూర లేని రోజు పప్పు, పప్పు లేని రోజు చింతపండు పులుసు, దేంట్లోనైనా దించే ముందు గుప్పెడు నుగ్గు. అక్కకు అది ఉంటే మిగతావి కూడా లోపలికి పోతున్నాయి. నేను డ్యూటీకి పోయేముందు రొట్టెలు నలిపి డబ్బాలో పోసి పోతాను. ఇంత చిన్న పనికి మా ఇంట్లో పెద్ద చర్చ జరిగింది, ఎంత సన్నగా నలపాలి అని. వచ్చిన రోజుల్లో అందరికంటే సన్నగా నలిపేది బావ. ఏమైనా ఆయన గిర్ని మనిషి.

సిరిసిల్లలో ఇప్పుడు ఏ వేళకైనా తినే చోట్లున్నాయి. పెద్ద పళ్లెంలో అందరూ కలిసి తినే మండీ, రెండు రకాల కబాబులు, ఫోన్లో చెబితే గడప దాకా వచ్చే బిర్యానీ. దూరం ప్రయాణమైతే ఎక్కడ ఆగాలో ముందే మ్యాపులో చూసుకుంటాం. సద్ది కట్టడం ఎప్పుడు మానేశామో నాకు తెలియదు, ఎవరూ ఒక రోజు చూసుకొని మానేయలేదు. బాపు సాంచాలు అమ్ముడైపోయాయి. ఆ గదిలో నా బండి, అమ్మ జొన్నల బస్తా ఉంటున్నాయి. నిశ్శబ్దానికి మేం అలవాటు పడ్డాం గానీ, కోపం వస్తే ఇప్పటికీ సాంచాలు ఆడుతున్నంత గట్టిగానే అరుచుకుంటాం. అప్పుడే బాగుందనో, ఇప్పుడే బాగుందనో నేను చెప్పను. అప్పుడు డ్రైవరు ముందు రొట్టె బయటికి తీయడం బాపుకు నామోషీ. ఇప్పుడు ఇంటికి ఎవరొచ్చినా ఆయనే పొయ్యి దగ్గరికి తీసుకుపోయి, డబ్బా మూత తీసి, నుగ్గు చేతిలో పోసి చూపిస్తున్నాడు. మొన్న మొగిలన్న వస్తే ఆయనకూ చూపించాడు. మొగిలన్న అది నోట్లో వేసుకొని, "నేను అప్పుడే అన్న కదా మామా, అత్త రొట్టె మంచిదని," అన్నాడు. బాపు ఒక్కసారిగా ఆయన తిప్పే లారీల సంగతి అడగడం మొదలుపెట్టాడు.

డాక్టరమ్మ చెప్పిన రోజు అక్కను తీసుకొని జగిత్యాల పోయాం. కోరుట్ల నుంచి బావ అక్కడికే వచ్చాడు. అక్కకూ తనకూ మధ్య రెండు కుర్చీలు వదిలి కూచున్నాడు. అక్క అటు చూసి, ముక్కుతో గాలి పీల్చి, "ఇయ్యాల పర్వాలేదు, దగ్గరికి రా," అంది. ఆయన ఒక కుర్చీ జరిగాడు. పేరు పిలిచారు. అక్క చెప్పులు విడిచి, గాజులు కూడా తీసి నా చేతిలో పెట్టబోయింది. "గాజులు ఉండనియ్యమ్మా, గవి ఎంత బరువుంటయ్," అని నర్సు నవ్వింది. అక్క మిషన్ మీద నిలబడి, కడుపు మీద చెయ్యి పెట్టుకొని, కింద చూడకుండా ఎదురుగా గోడ వైపు చూసింది. బావ వంగాడు. నేనూ వంగాను. అంకెలు రెండుసార్లు కదిలి ఆగాయి.

నలభై ఆరు కిలోల మూడు వందల గ్రాములు.